జంట తప్పిన తీగ

వీధిలో అందరూ ఆయనను జాయింటరుగారనే పిలిచేవారు. టెలిఫోన్ శాఖలో ముప్పైనాలుగేళ్లపాటు భూగర్భ కేబుళ్లను అతికిన మనిషి. నడిరోడ్డున తవ్విన గోతిలో కూర్చుని, తలమీద టార్పాలిన్ కప్పుకొని, ఆరువందల జంటల తీగలను ఒక్క రంగైనా తారుమారు కాకుండా కలిపి, మూతవేసి, మోకాళ్లు దులుపుకొని పైకి వచ్చేవారు. పదవీ విరమణ జరిగి తొమ్మిదేళ్లు దాటినా ఆ పేరు ఆయనను వదలలేదు. ఆయన దానిని వదలనిచ్చింది లేదు. తీగ విషయంలో తన మాటకు తిరుగులేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంట్లోవారు గౌరవించేవారు, అప్పుడప్పుడు భరించేవారు.

ఇంట్లో ఉన్నది ముగ్గురే. ఆయన, కూతురు, అల్లుడు. అల్లుడు బేకరీలో రొట్టెలు కాల్చే మేస్త్రి. తెల్లవారకముందే వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. కూతురిది ఇంటినుంచి చేసే పని. ఎక్కడో దూరాన ఒక నర్సింగు కళాశాలలో ప్రొఫెసరు పాఠం చెబుతుంటే, ఈమె మేడమీద వెనకగదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆయన నోట మాట వెలువడడమే తడవుగా టైపు చేసేది. ఆ అక్షరాలు తరగతిలో మొదటి వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని ఎదుట తెరమీద కనిపించేవి. ఆ అమ్మాయికి వినబడదు. ప్రొఫెసరు గొంతు ఆమెకు చేరే దారి ఈమె పది వేళ్లే. మనిషి మాట్లాడే వేగానికి చేతిని తేవడానికి కూతురు రెండేళ్లు సాధన చేసింది.

అయితే, చెయ్యి ఎంత వేగంగా ఉంటే మాత్రం ఏమి లాభం, దారి మధ్యలో తెగిపోతుంటే! ఆ సోమవారం ప్రొఫెసరు పసిబిడ్డలకు ఇవ్వవలసిన మందు మోతాదు గురించి చెబుతున్న సమయంలో వైఫై పదకొండు సెకన్లపాటు చచ్చి ఊరుకుంది. మళ్లీ ప్రాణం వచ్చేసరికి ఆయన వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. తరగతి ముగిశాక ఆ విద్యార్థిని నుంచి రెండు ముక్కల సందేశం వచ్చింది: "పరవాలేదండీ. ఆ నాలుగు వాక్యాలూ ఎవరినైనా అడిగి రాసుకుంటాను." తిట్టినా బాగుండేదనిపించింది కూతురికి.

దాని వెనకనే పై అధికారిణి ఉత్తరం. ఈ నెలలో ఇది మూడవసారి. గురువారం పరీక్షల ముందు పునశ్చరణ తరగతి, రెండు గంటలు. అందులో ఒక్కసారి తెగినా వచ్చే సెమిస్టరు నుంచి ఈ తరగతులను ఆఫీసులో కూర్చుని రాసేవారికి అప్పగించక తప్పదని సారాంశం. ఆఫీసుకు పోనూ రానూ ఐదు గంటల ప్రయాణం. అంటే ఉద్యోగం పోయినట్టే. ఆ మాటను మర్యాదగా రాశారు, అంతే తేడా.

భోజనాల బల్ల దగ్గర ఆ ఉత్తరం చదివి వినిపించాక మొదట నోరు విప్పినవారు జాయింటరుగారు.

"గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడమ్మా? రౌటరేమో కింద హాల్లో. నువ్వేమో మేడమీద వెనకగదిలో. మధ్యన రెండు గోడలు, ఒక శ్లాబు, మీ అత్తగారిచ్చిన ఇనుప బీరువా. వీటన్నిటినీ దాటుకుని ఆ గాలి నీ దగ్గరికి రావాలి. ఎందుకొస్తుంది? తీగ లాగాలి."

"ఈ రోజుల్లో తీగలెవరు లాగుతున్నారు మావయ్యగారూ?" అన్నాడు అల్లుడు. "ఇదుగో, బూస్టర్ తెచ్చాను. మెట్ల దగ్గర గోడకి గుచ్చితే చాలు, మేడంతా సిగ్నలే."

"కిందటేడు గోడకి ఇంకోటి గుచ్చారు అల్లుడుగారూ. దోమలు పోతాయన్నారు. పోయాయా?"

"దోమలకీ దీనికీ ఏంటండీ సంబంధం?"

"రెండూ గాలి సరుకే."

"మా బీరువాని మధ్యలోకి లాగకపోతే మీకు ముద్ద దిగదా నాన్నా?" అంది కూతురు. "ముందు ఈయనది చూద్దాం. కాకపోతే మీది. గురువారంలోపు ఏదో ఒకటి కుదిరితే చాలు నాకు."

బూస్టర్ గుచ్చారు. సాయంత్రం దాకా బుద్ధిగానే పనిచేసింది. ఉద్యోగాలకు పోయినవారు ఇళ్లకు చేరి, చుట్టుపక్కల పది ఇళ్లలోనూ పది వైఫైలు సంతలో బేరాల్లా ఒకే గాలిలో కేకలు పెట్టడం మొదలుపెట్టాక, దాని గొంతు ఎవరికీ వినబడలేదు. అల్లుడు దాన్ని పీకి మళ్లీ గుచ్చాడు. ఆ తరువాత ఇంకొంచెం గట్టిగా గుచ్చాడు. జాయింటరుగారు దోమ కుట్టినట్టు మోచేయి గోక్కున్నారు.

మంగళవారం ఉదయం ఆయన బజారుకు వెళ్లి ముప్పై మీటర్ల కేబులు, ప్లగ్గులు, వాటిని నొక్కే క్రింపరు, క్లిప్పులు, చిన్న టెస్టరు కొన్నారు. రెండు కొసలా ప్లగ్గులు బిగించిన తీగే తయారుగా ఉంది కదా అని దుకాణదారు చూపిస్తే, వంటవాడికి ఎంగిలి విస్తరి చూపినట్టు ముఖం పెట్టారు. అతడు రంగుల వరస అచ్చువేసిన అట్టముక్క ఒకటి చేతికిచ్చాడు. జాయింటరుగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. మొదటి జంట పక్కపక్కనే ఉంది, బాగానే ఉంది. ఆ పక్క జంటను మాత్రం నిలువునా చీల్చి, మూడవ గడిలో ఒకదానిని, ఆరవ గడిలో మరొకదానిని పెట్టి, నడుమ వేరే జంటను ఇరికించారు! ముప్పైనాలుగేళ్లలో ఏ జంటనూ ఆయన అలా విడదీసి ఎరుగరు. ఎవరో నిద్రమత్తులో గీసిన బొమ్మ అనుకున్నారు. చిరునవ్వు నవ్వి, ఆ అట్టముక్కను బల్లమీద బోర్లించి వచ్చేశారు.

ఆ రోజు ఆయన లాగిన తీగను చూస్తే ఎవరైనా చేతులెత్తి మొక్కవలసిందే. హాలు మూలనుంచి మెట్ల అంచు వెంట, గోడకు ఆనుకుని, జానెడుకొక క్లిప్పు చొప్పున, గీత గీసినట్టు పైకి పోయింది. మలుపు దగ్గర ఎక్కడా తీగ నలగలేదు. గోడకు వేసిన రంధ్రం చుట్టూ సున్నం పెచ్చు కూడా రాలలేదు. రెండు కొసలా రంగులను తాను నేర్చిన వరసలో, జంట పక్కన జంటగా కూర్చోబెట్టి క్రింపరుతో నొక్కారు. టెస్టరు తగిలించారు. ఒకటినుంచి ఎనిమిదివరకు పచ్చదీపాలు వరసగా, తడబడకుండా వెలిగాయి.

"ఇదీ పనంటే!" అన్నారు, ఎవరూ అడగకపోయినా.

కూతురు తీగను కంప్యూటరుకు తగిలించింది. పేజీ తెరుచుకుంది. కాస్త ఆగింది. మళ్లీ కదిలింది.

"కొంచెం నెమ్మదిగా ఉన్నట్టుంది కదూ నాన్నా?"

"కొత్త తీగ కదమ్మా. సర్దుకుంటుంది."

తీగలు చెప్పుల జోడువలె వాడగా వాడగా సర్దుకుంటాయని ఆయన ఏనాడూ నమ్మలేదు. అయినా ఆ మాట నోటివెంట వచ్చింది.

బుధవారం ఉదయం తరగతి ముగిసి కూతురు కిందికి దిగగానే ఆయన మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. "ఎలా ఉంది?"

"బాగుంది నాన్నా. తీగ తీగే."

ఇక చెప్పాలా! పదింటికి ఎదురింటివారికి తెలిసింది. పదకొండింటికి వీధి చివరి మందుల దుకాణంలో తెలిసింది. మధ్యాహ్నం ఇంటికి వచ్చిన అల్లుడు అన్నం తింటున్నంతసేపూ భూమిలోని తీగకూ ఆకాశంలోని తరంగానికీ గల తారతమ్యం మీద ఉపన్యాసం వినవలసి వచ్చింది. అతడు భార్య వంక చూశాడు. ఆమె తన కంచం వంక చూసుకుంది.

మూడు గంటలవేళ కూతురు కూరలకు బజారుకు వెళ్లినప్పుడు, పైగదిలో ఒక క్లిప్పు వదులైనట్టు అనుమానం తోచి ఆయన మేడ ఎక్కారు. క్లిప్పు బిగువుగానే ఉంది. వదులుగా ఉన్నది ప్లగ్గు. కంప్యూటరు పక్కన సగమే దూరి, చూసేవారికి తగిలించినట్టు కనిపిస్తూ ఉంది. దాని చిన్న దీపం వెలగడం లేదు. బల్లమీద కూతురు చేతిరాతతో ఒక కాగితం. ప్రతి రోజూ ఎప్పుడెప్పుడు తెగిందో ఆమె రాసుకునే కాగితం అది. "మంగళవారం సాయంత్రం, తీగమీద: నిమిషానికి రెండుసార్లు. బుధవారం తరగతి, మళ్లీ వైఫైమీద: 9.12కి ఆరు సెకన్లు, 9.31కి పద్నాలుగు సెకన్లు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. తీగ పనిచేయలేదు. అది మొదటి దెబ్బ. పనిచేయలేదని తనతో చెప్పడానికి కూతురికి నోరు రాలేదు. అది రెండవ దెబ్బ. ఆ రెండింటిలో ఏది గట్టిగా తగిలిందో ఆయన తేల్చుకోలేకపోయారు. తండ్రి ముఖం చిన్నబోతుందని, ఆమె తెల్లవారితే రానున్న రెండు గంటలనూ, రెండేళ్ల సాధననూ గాలికి వదిలేసింది. తన కీర్తి ఇంట్లో అంత బరువైపోయిందన్నమాట!

కత్తెర తీసుకుని తీగ కొసను ప్లగ్గుతో సహా బెత్తెడు కోశారు. జేబులో వేసుకున్నారు. చెప్పులు తొడుక్కుని నాలుగు వీధుల అవతలికి నడిచారు.

అక్కడ ఒక చిన్న దుకాణం. దాని యజమానురాలు ఒకప్పుడు ఆయన ముఠాలో పనిచేసిన మనిషి. ఇరవయ్యేళ్ల ప్రాయంలో నిచ్చెనలమీద అలవోకగా ఎగిరి వాలేది గనుక ఆమెను అందరూ పిచ్చుక అనేవారు. ఇప్పుడు యాభై దాటి, ఒళ్లు చేసినా అదే పేరు. రెండు తీగలు తప్పు కలిపిందని, కురిసే వానలో రెండువందల జంటల జాయింటును ఆయన ఆమె చేత మొదటినుంచి విప్పించి మళ్లీ కట్టించారు. తీగ ఫోన్లకు కాలం చెల్లాక ఆమె ఆఫీసులకూ ఇళ్లకూ ఇంటర్నెట్ లైన్లు వేసే ఈ దుకాణం పెట్టుకుంది. "గాలి అమ్ముకునే కొట్టు" అని ఆయన నలుగురిలో అన్నారు. ఏడేళ్లుగా ఆ గడప తొక్కలేదు.

"రండి గురువుగారూ, రండి! దారి తప్పారా ఏంటి?"

"దారి తప్పలేదు పిచ్చుకా. తీగ తప్పింది." కోసి తెచ్చిన ముక్కను బల్లమీద పెట్టారు. "ఎనిమిది దీపాలూ వెలిగాయి. అయినా నడవడం లేదు. తప్పు నాదో తీగదో చెప్పు."

ఆమె దానిని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. కింది పెదవి కొరుక్కుంది.

"నవ్వొచ్చాండీ?"

"నవ్వు."

ఆమె నవ్వింది. స్టూలు మీద కూర్చుని మరీ నవ్వింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఆ నవ్వు ముగిసేవరకు, జాతీయగీతం వింటున్నట్టు నిటారుగా నిలబడ్డారు.

"నొచ్చుకోకండి. చూడండి, ఇందులో ఒకవైపు మాట నడిచేది మూడు మీదా ఆరు మీదా. ఆ రెండూ కలిపి మెలేసిన ఒకే జంట కావాలి. అప్పుడే పక్కవాళ్ల గోల వాళ్లకి అంటదు. మీరేమో మన పాత వరసలో కూర్చోబెట్టారు. మూడు ఒకింటి మొగుడు, ఆరు ఇంకో ఇంటి పెళ్లాం! వాళ్లిద్దరూ ఊసులాడుకుంటే ఊరు ఊరుకుంటుందా?"

"మరి ఆ దీపాలు?"

"దీపాలకి తీగ ఆ కొసనుంచి ఈ కొసకి వచ్చిందా లేదా అన్నదొక్కటే తెలుసు. ఎవరు ఎవరి జంటో వాటికేం తెలుసు గురువుగారూ?"

ఆయన ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. "దుకాణంలో అట్టముక్క చూపించాడు. తప్పు అచ్చు అనుకున్నాను. అసలు జంటను అలా ఎందుకు చీల్చాలి?"

"నడుమనున్న రెండు గడులూ పాత టెలిఫోనువి కదండీ. వాటి జోలికి పోకూడదని పక్కకి జరిగారు. ఒకరకంగా మనకిచ్చిన మర్యాదే అది."

తనకిచ్చిన మర్యాదనే తాను బోర్లించి వచ్చినట్టు తెలిసి జాయింటరుగారు తల పంకించారు.

"ఇంకో మాట," అంది పిచ్చుక, గొంతు తగ్గించి. "నేను మొదటేడు పదకొండు ఇళ్లలో ఇదే చేశాను. ఒకాయన నా నిచ్చెన దాచేశాడు, మళ్లీ వచ్చి సరిచేస్తేగానీ ఇవ్వనని. మన ముఠాలోంచి ఈ పనికొచ్చిన ప్రతివాడూ ఈ తప్పే చేశాడు. కొత్తవాళ్లు చెయ్యరు. వాళ్లకి మన వరస తెలీదు కదా!"

"అయితే వచ్చి బాగుచెయ్యి."

"వస్తాను. కానీ నేను చెయ్యను. మీరు చేస్తారు, నేను చూస్తాను. అలా నేర్పిందెవరు?"

సాయంత్రం ఐదింటికి ఇద్దరూ ఇల్లు చేరేసరికి కూతురూ అల్లుడూ హాల్లోనే ఉన్నారు. జాయింటరుగారు కూర్చోలేదు. కోర్టులో వాంగ్మూలం ఇచ్చేవానివలె ప్రతి మాటా విడిగా పలికారు.

"తీగ పనిచేయలేదు. తప్పు తీగది కాదు, కంపెనీది కాదు, కంప్యూటరుది కాదు. నాది. రెండు కొసలా వరస తప్పు వేశాను."

అల్లుడు నోరు తెరిచాడు. రెండు రోజులుగా కూడబెట్టుకున్న వేళాకోళమంతా అతడి నాలుక చివర ఉన్నట్టు అందరికీ కనబడింది. కానీ మామగారి ముఖం చూసి, "దాందేముంది మావయ్యగారూ," అన్నాడు. "నేను ఓసారి ఎనభై రొట్టెల పిండిలో ఉప్పు బదులు పంచదార కలిపాను. అందరూ కేకనుకుని ఎగబడ్డారు. మీ తీగకి అంత అదృష్టం లేదు, అంతే."

కూతురు తల దించుకుంది. "నేనే చెప్పాల్సింది నాన్నా. అంత సంబరంగా క్లిప్పులు కొడుతుంటే చూసి, నోరు రాలేదు."

"చూడమ్మా. గోతిలో ఉన్నవాడికి ఏ లైను మోగిందో, ఏది మోగలేదో కనబడదు. ఎక్స్ఛేంజిలో కూర్చున్నవాడు ఫోనులో నిజం చెప్పాలి. మోగలేదురా అని మొహమాటం లేకుండా అరవాలి. వాడు మర్యాదకి మోగిందన్నాడనుకో, వీడు గొయ్యి పూడ్చేసి ఇంటికి పోతాడు." ఆయన క్రింపరు చేతిలోకి తీసుకున్నారు. "ఇక ముందు నాకు మర్యాద తగ్గించి నిజం పెంచు."

"సరే. అయితే ఒక నిజం చెప్పనా? ఆ మెట్ల దగ్గర క్లిప్పులు మరీ ఎక్కువయ్యాయి."

"అది వేరే సంగతి. అందులో తప్పు లేదు."

పైగదిలో పని మొదలైంది. మొదటి ప్లగ్గులో గోధుమరంగు తీగ పక్కకు జారింది. "మళ్లీ," అంది పిచ్చుక. రెండవదానిలో మెలికలు అవసరానికి మించి విప్పారు. "అర అంగుళమే విప్పండి. మళ్లీ." అరవై తొమ్మిదేళ్ల వేళ్లు మొరాయించాయి, కళ్లజోడు జారింది, చెమట పట్టింది. మూడవదానిని ఆమె వెలుతురుకు ఎత్తి చాలాసేపు తిప్పి చూసి, ఏమీ అనకుండా వెనక్కి ఇచ్చింది. ఏమీ అనకపోవడమే ఆ ముఠాలో మెప్పు. ఆయనకు అది తెలుసు. కిందనున్న కొసను ఒక్కసారిలోనే కుదిర్చారు.

గురువారం పదింటికి తరగతి. జాయింటరుగారు మెట్లమీద కూర్చున్నారు. ఐదు నిమిషాలు గడవకముందే పైనుంచి కేక: "నాన్నా, మీ నిట్టూర్పులు ఇక్కడికి వినబడుతున్నాయి. లోపలికొచ్చి కూర్చోండి, కానీ కదలకండి."

ఆయన వెనకనున్న కుర్చీలో కూర్చున్నారు. కూతురు పని చేస్తుండగా ఆయన చూడడం అదే మొదటిసారి. ఆయనకు ప్రొఫెసరు గొంతు వినబడదు. తెరమీద అక్షరాలే కనబడుతున్నాయి. ఆ లెక్కన ఆయనా మొదటి వరుసలో కూర్చున్నట్టే. వాక్యం తరువాత వాక్యం, వాగు పారినట్టు వస్తోంది. జ్వరం, నాడి, రక్తపోటు. నడుమ కుండలీకరణాలలో "(దగ్గు)" అని ఒక మాట. మళ్లీ పాఠం. మళ్లీ "(దగ్గు)". కూతురి భుజాలు కదలడం లేదు. వేళ్లు మాత్రం ఆగడం లేదు. ఇంత వేగంగా కదిలే వేళ్లను ఆయన తన ముఠాలో ఎవరి దగ్గరా చూడలేదు.

పదకొండు దాటాక, ఉన్నట్టుండి అక్షరాలు ఆగిపోయాయి.

ఒక సెకను. రెండు. మూడు. జాయింటరుగారు ప్లగ్గు వంక చూశారు. దీపం వెలుగుతోంది. కానీ దీపాలను నమ్మి ఆయన ఒకసారి మోసపోయారు కదా! నాలుగు. ఐదు. కుర్చీనుంచి సగం లేచారు.

తెరమీద అక్షరాలు కదిలాయి: "(నీళ్లు తాగుతున్నారు)".

ఆయన మెల్లగా కూర్చున్నారు. పాఠం సాగింది. పన్నెండయ్యేవరకు సాగింది. తెగలేదు.

కూతురు హెడ్‌ఫోన్లు తీసి, మెడ వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుంది. అప్పుడే తెరమీద రెండు సందేశాలు వచ్చాయి. పై అధికారిణిది ఒక్క వాక్యం: వచ్చే సెమిస్టరు మొదటి నెల తరగతులు మీకే ఇస్తున్నాము, ఆ తరువాతి సంగతి అప్పుడు చూద్దాము.

"ఒక్క నెలేనా?" అన్నారు ఆయన.

"నెల చాలు నాన్నా. నెలంతా ఇలా నడిస్తే వాళ్లే అడుగుతారు."

రెండవది విద్యార్థినిది. కూతురు పైకి చదివింది: "ఇవాళ సార్ పదిహేడుసార్లు దగ్గారు. క్లాసులో అందరూ ఆయన దగ్గు గురించి జోకులేస్తుంటే ఎందుకో నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు. ఇవాళ నేనూ నవ్వాను."

ఇన్నాళ్లూ లైను తెగేలోపు మాటలు అందించే తొందరలో కూతురు దగ్గులను వదిలేసేది. ఆ వాక్యాన్ని ఆమె మనసులో మళ్లీ చదువుకుంది. జాయింటరుగారు గొంతు సవరించుకున్నారు.

"ఆ అమ్మాయి లెక్క తప్పింది. పద్దెనిమిది. నేను వేళ్లమీద లెక్కపెట్టాను."

"అందులో ఒకటి నా దగ్గు నాన్నా," అంది కూతురు. "అది తెరమీద రాయలేదు."